ఇనుము, అల్యూమినియం, రాగి, జింకు: పదిహేనేళ్ల వాడకం తర్వాత

కొత్తలో అన్ని లోహాలూ మెరుస్తాయి. అందుకే కొన్న వారానికే రాసే సమీక్షలో లోహం అసలు గుణం బయటపడదు. అది దేనితో కలుస్తుంది, ఎంత తొందరగా కలుస్తుంది, కలిశాక పైన ఏం మిగులుతుంది అన్నవి తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఇంట్లో చిన్న చిన్న రిపేర్లు నేనే చేసుకుంటాను. ఒక ఇనుప పెనం, కొన్ని అల్యూమినియం గిన్నెలు, ఒక రాగి జగ్గు, జింకు పూత ఉన్న బకెట్, పెట్టెడు పనిముట్లు పదిహేనేళ్లుగా నా చేతిలో నలుగుతున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ నాకొక నమ్మకం కుదిరింది. గాలీ నీరూ కలిసి లోహం మీద ఒక పొర కడతాయి. వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందో ఆ పొరే చెబుతుంది.

ఇనుముకు దొరికిన పొర మంచిది కాదు. బలంలో, పదునులో దానికి వంక పెట్టలేం, కానీ తుప్పు దాన్ని కాపాడదు. తుప్పంటే నీరు చేరిన ఐరన్ ఆక్సైడ్. అది తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఉబ్బి పెచ్చులుగా లేస్తుంది. పెచ్చు ఊడితే కింది ఇనుము మళ్లీ గాలికి దొరుకుతుంది. ఒకసారి ఉప్పునీళ్లలో తడిసిన పటకారును తుడవకుండా పెట్టెలో పెట్టాను. తెల్లారేసరికి కీలు దగ్గర నారింజ రంగు వచ్చేసింది. తుప్పు పట్టడం విద్యుత్ రసాయన చర్య. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఆ పని వేగం పుంజుకుంటుంది. మామూలు వాతావరణంలో తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి, ఒకటి అందకపోయినా ఆగిపోతుంది. అప్పట్నుంచి ప్రతి పనిముట్టునూ పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాశాకే లోపల పెడుతున్నాను. మళ్లీ తుప్పు చూడలేదు.

ఇనుప పెనానికైతే పొరను మనమే తయారుచేయాలి. నూనె బాగా పల్చగా రాసి గట్టిగా కాలిస్తే ఆ నూనె అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని నల్లటి, గట్టి పూతగా మారతాయి. మొదటి ఏడాది ఓపిక కావాలి. ఆ తర్వాత అది నాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. పులుపు ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం ఆ పూత లేచిపోతుంది.

ఇక అల్యూమినియం. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచిన లోహం ఇదే. చర్యాశీలత శ్రేణిలో, అంటే లోహాలను చురుకుదనం వరసలో పేర్చిన పట్టికలో, ఇనుము కంటే పైన ఉంటుంది. ఆ లెక్కన ఇనుము కంటే ముందే పాడైపోవాలి. అలా జరగదు. కోసిన మరుక్షణమే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే, అయినా లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. గీత పడితే ఆ గీత మీద కొత్త పొర వెంటనే వచ్చేస్తుంది. ఇనుము ఘనసెంటీమీటరుకు 7.9 గ్రాములు తూగితే ఇది 2.7 గ్రాములే. ఇంత తేలిక, పైగా తనను తాను కాపాడుకునే గుణం. విమానాల నుంచి హై టెన్షన్ తీగల దాకా దీన్నే ఎందుకు వాడతారో అర్థమవుతుంది.

ఆ పొరకూ ఒక బలహీనత ఉంది. అది ద్విస్వభావ ఆక్సైడ్, అంటే ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. పుస్తకంలో చదివిన ఈ మాట ఒకరోజు కళ్లముందే జరిగింది. సింకు పైపు మూసుకుపోతే కాస్టిక్ సోడా గుళికలు తెచ్చి, కలపడానికి చేతికందిన పాత అల్యూమినియం గిన్నె తీసుకున్నాను. మొదట ఏమీ కాలేదు. అర నిమిషం తర్వాత గిన్నె గోడల వెంట సన్నటి బుడగలు వరసకట్టాయి. చూస్తుండగానే బూడిద రంగు నురగ పైకి లేచింది, గిన్నె పట్టుకోలేనంత వేడెక్కింది. వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పొయ్యి ఆపేసి, కిటికీలన్నీ తెరిచి, అందరినీ బయటికి పంపేశాను. చర్య తగ్గి గిన్నె చల్లబడేదాకా ఒకటే టెన్షన్. తర్వాత చూస్తే అడుగు అట్టముక్కలా పల్చబడి ఉంది. ఆ మొదటి అర నిమిషం సోడా ఖాళీగా లేదు, ఆక్సైడ్ పొరను తినేస్తోంది. పొర పోగానే అసలు లోహం దొరికింది. ఏమీ కావడం లేదు కదా అని నేను ఇంకాస్త కలుపుతూ నిలబడిన సమయం అదే. అలాంటి గుళికల ప్యాకెట్ తెరిచే ముందు దాని వెనక రాసింది పూర్తిగా చదవమని, ప్లాస్టిక్ పాత్రే వాడమని అడిగిన ప్రతి వాళ్లకూ చెబుతున్నాను.

అదే అల్యూమినియం నాకు ఒక మేలు కూడా చేసింది. వెండి నల్లబడేది తుప్పుతో కాదు, గాలిలోని గంధకం అంటుకుని సిల్వర్ సల్ఫైడ్ అవడం వల్ల. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లు, వంట సోడా వేసి, నల్లబడిన గొలుసు ఫాయిల్‌కు తగిలేలా ఉంచాను. కుళ్లిన గుడ్డు వాసన సన్నగా వచ్చింది, నలుపు విడిపోయింది. ఇందులో గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి వెనక్కి వస్తుంది. రుద్ది తోమితే నలుపుతో పాటు కాస్త వెండి కూడా అరిగిపోతుంది. నాకు ఈ పద్ధతే నచ్చింది. రాళ్లు పొదిగిన నగలకు మాత్రం వద్దు.

స్టెయిన్‌లెస్ స్టీల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇందులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది, కాపాడేది ఆ క్రోమియం ఆక్సైడ్ పొరే. ఒక రాత్రంతా బ్లీచింగ్ నీళ్లు నిలవ ఉంచితే సూదిమొనంత గుంటలు పడ్డాయి, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఉప్పులోనూ బ్లీచింగ్ నీళ్లలోనూ ఉండే క్లోరైడ్లే దీనికి శత్రువులు. సముద్రపు గాలి తగిలే చోట్ల 304 రకం కంటే మాలిబ్డినం కలిపిన 316 రకం నయం. అయస్కాంతం అంటుకుంటే నకిలీ అనుకోవడం పొరపాటు. అంటుకునే స్టెయిన్‌లెస్ రకాలూ ఉన్నాయి.

రాగి జగ్గు రంగులు మార్చుకుంటూ వచ్చింది. మొదట గోధుమ రంగు, తర్వాత ముదురు నలుపు, తడి నిలిచే మూలల్లో ఆకుపచ్చ కిలుము. పులుపు, ఉప్పు కలిపి రుద్దితే ఆక్సైడ్ కరిగి మళ్లీ ఎర్రగా మెరుస్తుంది. కిలుము విషం కాబట్టి తాగేనీళ్ల పాత్రలో దాన్ని ఉండనివ్వను, ఆ జగ్గులో పుల్లటివేవీ పోయను. అదే కిలుము పైకప్పు మీదైతే చక్కటి కవచం. న్యూయార్క్‌లో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) రాగి తొడుగు కొన్ని దశాబ్దాల్లో పచ్చబడి, ఇప్పటికీ ఆ పచ్చదనంతోనే నిలబడి ఉంది. చెడిపోయింది దాని లోపలి ఇనుప పట్టీలు. రాగికీ ఇనుముకూ మధ్య పెట్టిన అడ్డు పాడైపోయి, తడిలో రెండూ తగులుకుని, రాగి కంటే చురుకైన ఇనుము తినేయబడింది. 1986లో పూర్తయిన మరమ్మతులో ఆ పట్టీలను తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. నేనూ ఇదే తప్పు చేశాను. జింకు పూత పైపుకు రాగి పైపును నేరుగా బిగించాను. రెండేళ్లకు సరిగ్గా ఆ కీలు దగ్గరే కారడం మొదలైంది. ఇప్పుడు మధ్యలో ప్లాస్టిక్ జాయింట్ వేశాను, చుక్క కారడం లేదు.

ఇదే గుణాన్ని మనకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు. జింకు పూత బకెట్‌ను మూడో ఏడు గరుకు నేల మీద ఈడిస్తే లోపలి ఇనుము కనిపించేంత గీత పడింది. అక్కడ్నుంచి తుప్పు పాకుతుందనుకున్నాను. ఏళ్లు గడిచినా పాకలేదు. జింకు ఇనుము కంటే చురుకైనది కాబట్టి ముందు తాను ఖర్చవుతుంది, గీత చుట్టూ ఉన్న ఇనుమును కూడా కాపాడుతుంది. తగరం పూత డబ్బాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. తగరం కంటే ఇనుమే చురుకైనది, అందుకే గీత పడిన చోట తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. నా బకెట్ అడుగు అంచున పన్నెండో ఏట జింకు అయిపోయింది, అప్పుడే తుప్పు కనిపించింది. జింకు పూత వస్తువును వెల్డింగ్ చేయాల్సివస్తే ముందు పూత గీకేయాలి, ఆ పొగ పీల్చితే జ్వరం పట్టుకుంటుంది.

ఈ ఆలోచన పాతదే. ఓడల అడుగున వేసే రాగి రేకులు సముద్రపు నీటికి పాడవుతుంటే, వాటికి ఇనుము లేదా జింకు ముక్కలు తగిలించమని 1824లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ సూచించాడు. రాగి భద్రంగా నిలిచింది. కానీ రాగి కొంచెం కొంచెంగా కరుగుతూ ఉండటం వల్లే అంతవరకూ నాచు, గుల్లలు ఓడ అడుక్కి అంటుకోలేదు. కరగడం ఆగగానే అవి పట్టేశాయి, ఓడల వేగం తగ్గింది. ఇది చదివాక ప్రతి పొరనూ గీకి శుభ్రం చేయాలన్న తొందర నాకు పోయింది.

మా గీజర్‌లో ఉన్నదీ డేవీ చెప్పిన కిటుకే, జింకు బదులు మెగ్నీషియం కడ్డీ. నాలుగేళ్లకు మొదటిసారి విప్పించి చూశాను. బొటనవేలి మందం ఉండాల్సిన కడ్డీ నడిమి తీగ మాత్రమే మిగిలి ఉంది, దాని మీద సుద్దలాంటి తెల్లటి ముక్కలు. ట్యాంకు లోపల ఇంకా తుప్పు మొదలవలేదు. కొత్త కడ్డీ వేసి రెండేళ్లవుతోంది. ఈసారి నాలుగేళ్లు ఆగను, వచ్చే నెలలోనే విప్పి ఎంత తరిగిందో కొలుస్తాను.