పాత కార్లు, రోడ్లు, చిన్న ఊళ్ళ ఫొటోలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా పాత కార్లు, పెట్రోలు బంకులు, మెయిన్ స్ట్రీట్‌ల ఫొటోలు వాట్సాప్‌లో రోజూ తిరుగుతుంటాయి. ఊరి పేరు ఉండదు, సంవత్సరం ఉండదు, తీసిందెవరో అంతకన్నా ఉండదు. పది చేతులు మారి మసకబారిన ఆ కాపీల్లో చాలావాటి అసలు ఫైళ్ళు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. లాగిన్ కూడా అక్కర్లేదు. సరుకుకు పదికి తొమ్మిది వేయొచ్చు, వెతుకులాటకు మాత్రం అయిదు దాటదు.

ఈ విషయం మీద ఇష్టం ఉన్నవారికి అక్కడ ముఖ్యమైనవి రెండు సేకరణలు. మొదటిది ఎఫ్‌ఎస్‌ఏ, అంటే ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఫొటోలు. రాయ్ స్ట్రైకర్ నడిపిన ప్రభుత్వ ఫొటో విభాగం 1935 నుంచి 1944 దాకా దేశమంతా తిరిగి తీయించినవి. సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లు, దాదాపు 1,600 రంగు ఫొటోలు. ఆ విభాగం ఫొటోగ్రాఫర్లలో డొరొతియా లాంగ్ 1938లో న్యూ మెక్సికోలోని లార్డ్స్‌బర్గ్ దగ్గర తీసిన యూఎస్ 80 రోడ్డు, రస్సెల్ లీ 1940లో తీసిన ‘పై టౌన్’ అనే చిన్న ఊరు ఇందులోవే. రెండోది ఫొటోగ్రాఫర్ జాన్ మార్గోలీస్ సేకరణ. సుమారు నలభై ఏళ్ళు, 2008 దాకా, ఒక్క మనిషి తీసిన 11,710 రంగు స్లైడ్లు. మోటెళ్ళు, డైనర్లు, సినిమా హాళ్ళు, బంకులు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మార్గోలీస్‌లో కార్ల కోసం వెతికితే నిరాశే. ఆయన పొద్దున్నే వెళ్ళి, ముందు కార్లూ మనుషులూ లేకుండా చూసుకుని కట్టడాలు మాత్రమే తీసేవాడు. కార్లు కావాలంటే ఎఫ్‌ఎస్‌ఏకే పోవాలి. బోర్డులు, భవనాలు, రంగులు కావాలంటే మార్గోలీస్.

సెర్చ్ డబ్బా మొండిది. కాప్షన్‌లో ఆనాడు రాసిన మాట ఏదైతే అదే కొట్టాలి. బంకు కోసం ‘ఫిల్లింగ్ స్టేషన్’, ‘గ్యాస్ స్టేషన్’, ‘సర్వీస్ స్టేషన్’ మూడూ విడివిడిగా ప్రయత్నించాలి. కాప్షన్‌లో ఊరూ రాష్ట్రమూ ఉంటాయి గానీ కారు కంపెనీ పేరు ఉండడం అరుదు. ‘ఫోర్డ్’ అని కొడితే ఆ పేరున్న మనుషులు, ఊళ్ళు ముందొచ్చి కూర్చుంటారు. ఒక మంచి ఫొటో దొరికాక కాల్ నంబరు (లైబ్రరీ ఆ ఫొటోకు ఇచ్చిన వరస సంఖ్య) వరసలో పక్క ఫొటోలు చూపించే లింకు నొక్కండి. ఈ సైట్లో అన్నిటికన్నా విలువైన సదుపాయం అదే. అదే రోజు, అదే వీధిలో తీసిన మిగతా షాట్లు బయటపడతాయి. అప్పట్లో ప్రింటు వేయని నెగటివ్‌లకు సొంత కాప్షన్ ఉండదు, ‘పేరు లేదు, బహుశా ఫలానా ఫొటోకు సంబంధించినది’ అని మాత్రం ఉంటుంది. అలాంటిదాన్ని పంచుకునేటప్పుడు ఆ ‘బహుశా’ను మింగేయకండి. కొన్నిటి మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ కనిపిస్తుంది. అది స్కానింగ్ లోపం కాదు, నచ్చని నెగటివ్‌లకు స్ట్రైకర్ పంచ్‌తో కొట్టించిన బెజ్జం. ఎడిటింగ్‌లో పూడ్చేవారున్నారు గానీ ఆ బెజ్జమే ఆ ఫొటో చరిత్ర. జిల్లాలవారీగా మ్యాప్ మీద చూడాలంటే యేల్ యూనివర్సిటీలో మొదలైన ‘ఫొటోగ్రామర్’ సైట్ సుఖం. అక్కడ కనుక్కుని, ఫైలు మాత్రం లైబ్రరీ నుంచి దింపుకోవాలి.

డౌన్‌లోడ్‌లో చిన్న జేపెగ్‌లూ ఉంటాయి, పెద్ద టిఫ్ కూడా ఉంటుంది. కారు వివరాలు చదవాలంటే టిఫ్ తప్పదు, పదుల మెగాబైట్లు ఉన్నా సరే. చాలా ఫోన్లలో అది సరిగా తెరుచుకోదు. కంప్యూటర్లో జింప్ అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి, ఫిల్మ్ అంచులు కత్తిరించి, ఆ తర్వాతే లెవెల్స్ (వెలుగు నీడల స్థాయి) సరిచేయండి. అంచుల నలుపు ఉండగా ఆటో లెవెల్స్ కొడితే లెక్క తప్పి ఫొటో పాలిపోయినట్టే మిగిలిపోతుంది. పదహారు బిట్లలో ఉన్నదాన్ని ఎనిమిదికి మార్చడం చివర్లోనే. ముందే మారిస్తే ఆకాశంలో చారలు పడతాయి. పొడవు వైపు 2,048 పిక్సెళ్ళు, జేపెగ్ నాణ్యత 85 చాలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్ళీ నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి.

పెద్ద ఫైలుంటే కాప్షన్‌ను కూడా పరీక్షించొచ్చు. నంబరు ప్లేటు మీద రాష్ట్రంతో పాటు సంవత్సరం కూడా తరచు ఉంటుంది. సీల్డ్ బీమ్ హెడ్‌లైట్లు (దీపమూ అద్దమూ కలిపి ఒకే ముక్కగా మూసేసినవి) 1940 మోడళ్ళతో వచ్చాయి. అయితే పాత బండికి తర్వాత బిగించుకున్నవాళ్ళూ ఉన్నారు, ఒక్క దీపం చూసి తేల్చేయొద్దు. ముందు అద్దం మీద ఏ, బీ, సీ అక్షరాల స్టిక్కరు ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధకాలపు పెట్రోలు రేషన్. దేశమంతటా ఆ రేషన్ 1942 డిసెంబరులో వచ్చింది. మామూలు జనానికి కార్ల తయారీ అదే ఏడాది ఫిబ్రవరిలో ఆగింది కాబట్టి 1943 నాటి వీధిలో అన్నిటికన్నా కొత్త కారు 1942 మోడలే.

హక్కుల విషయంలో ఈ రెండు సేకరణలతో నిశ్చింత. ఎఫ్‌ఎస్‌ఏ ఫొటోలు చాలావరకు అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తీసినవి, మార్గోలీస్ స్లైడ్లకూ తెలిసిన ఆంక్షలేవీ లేవని లైబ్రరీ రాసి ఉంచింది. మిగతా సేకరణల్లో ప్రతి ఫొటో కింద హక్కుల లైను చదవాలి. కొన్నిటికి బయటివాళ్ళకు బొటనవేలంత బొమ్మే చూపిస్తారు, పెద్దది లైబ్రరీ భవనంలోనే చూడాలి.

పంచుకునేటప్పుడు ఫొటోగ్రాఫర్ పేరు, ఊరు, నెల, సంవత్సరం, లైబ్రరీ పేరు, రీప్రొడక్షన్ నంబరు (ఆ కాపీకి లైబ్రరీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య), ఇవన్నీ ఒక్క లైనులో పడతాయి. దింపిన ఫైలు పేరులోనే ఆ డిజిటల్ నంబరు ఉంటుంది. దాన్ని చెరిపేసి ‘ఓల్డ్ కార్ 1’ అని పెట్టుకుంటే రేపు ఎవరైనా ‘ఇదెక్కడిది’ అని అడిగితే మళ్ళీ ఆ మొండి సెర్చ్ డబ్బా దగ్గరికే పోవాలి.