రాక్‌వెల్ కండెన్స్‌డ్ బోల్డ్: ఇరుకు బోర్డుకి ఇదే, ఫోన్ నంబరుకి మాత్రం వద్దు

ఎమ్మెస్ ఆఫీస్‌తో పాటే సిస్టమ్‌లోకి వచ్చే ఫాంట్ ఇది, చాలామంది లిస్టులో చూసి దాటేస్తారు. విజయవాడలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్లు చేసుకునే నాకు మాత్రం ఏళ్ళ తరబడి అన్నం పెడుతోంది. ఎందుకంటే ఎంత ఇరుకులో పెట్టినా దీని బరువు తగ్గదు.

బీసెంట్ రోడ్డు లాంటి చోట షాపు ముందు ఏడెనిమిది అడుగుల వెడల్పు దొరికితే గొప్ప. ఓనరుకేమో 'శ్రీ వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్ అండ్ శానిటరీస్' మొత్తం ఇంగ్లిష్‌లో, ఒకే లైన్లో, రోడ్డు అవతలి నుంచి కనపడాలి. చాలామంది మామూలు బోల్డ్ ఫాంట్‌ని పక్కల నుంచి నొక్కేసి సరిపెడతారు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉండిపోతాయి, హెచ్ అక్షరంలో మధ్య గీత కాళ్ళకంటే లావుగా కనిపిస్తుంది. చూడలేం. రాక్‌వెల్ కండెన్స్‌డ్‌ని మొదటి నుంచే ఇరుకుగా గీశారు కాబట్టి ఆ గొడవ లేదు. పైగా అక్షరాల గీతల చివర ఉండే చదరపు దిమ్మలు, అంటే సెరిఫ్‌లు, లైనుని గట్టిగా పట్టి ఉంచుతాయి. సెరిఫ్ లేని ఇరుకు ఫాంట్లలో అక్షరాలన్నీ కిటికీ ఊచల్లా కలిసిపోతాయి, ఇందులో ఐ, ఎల్, టి వేటికవి తెలుస్తాయి.

రాక్‌వెల్ కుటుంబాన్ని మోనోటైప్ వాళ్ళు 1934లో తెచ్చారు. ఇలా దిమ్మల్లాంటి సెరిఫ్‌లున్న ఫాంట్ల జాతి ఇంకా పాతది. 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ నుంచి వచ్చిన క్లారెండన్ కూడా లావుగా, ఇరుకుగా ఉండేదే, మామూలు అక్షరాల మధ్య ముఖ్యమైన మాట విడిగా కనపడటానికి చేసింది. అంటే చిన్న సైజు ఈ జాతికి కొత్త కాదు. కానీ రాక్‌వెల్‌తో నా అనుభవం వేరు.

ఒక ట్యూషన్ సెంటర్ కరపత్రం. న్యూస్‌ప్రింట్ కాగితం, నల్ల ఇంకు, ఫోన్ నంబరు ఇదే ఫాంట్‌లో 9 పాయింట్లు, హెడ్డింగ్‌కి మ్యాచ్ అవ్వాలని ఆ సారు పట్టుబట్టారు. స్క్రీన్ మీద, లేజర్ ప్రూఫ్‌లో శుభ్రంగా ఉంది, ఆయనే చూసి ఓకే అన్నారు. ఆఫ్‌సెట్‌లో అచ్చయ్యాక చూస్తే కాగితం ఇంకు పీల్చుకుని అంకెల పొట్టల్లోకి పాకింది, 8, 6, 3 మూడూ ఒకే నల్ల ముద్ద. ఆ నంబర్లో రెండు ఎనిమిదులు, పక్కనే ఒక ఆరు. అప్పటికే పేపర్లలో పెట్టి పంచేశారు, అడ్మిషన్ల సీజన్, ఫోన్లన్నీ ఇంకెవరికో వెళ్తున్నాయి. "నా నంబరు నేనే చదవలేకపోతున్నానండీ" అని ఆయన కరపత్రం పట్టుకుని వచ్చారు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మళ్ళీ ప్లేట్ వేయించి, నంబరు మామూలు వెడల్పున్న ఫాంట్‌లో పెట్టి రెండోసారి కొట్టించాం, ఖర్చు చెరి సగం.

కాబట్టి బరువు తగ్గదని పైన అన్నది పెద్ద సైజు మాట. గరుకు కాగితం మీద 18 పాయింట్ల కిందికి నేను దీన్ని దించను, ఆర్ట్ పేపరైతే ఇంకొంచెం చిన్నది నడుస్తుంది.

తెలుగు పక్కన పెట్టడం కూడా తేలిక కాదు. మన అక్షరాలు గుండ్రంగా పక్కలకి విస్తరిస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి, ఇదేమో నిలువుగా పోతుంది. ఒకే లైన్లో పెడితే రెండూ పాడవుతాయి. రామభద్ర ఫాంట్‌లో తెలుగు పేరు పైన పెద్దగా, వత్తులకి చోటు వదిలి, కింద ఇంగ్లిష్ ఇందులో పెడితే నాకు బాగా కుదిరింది.

నా పని ఎక్కువగా షాపు బోర్డులు, ఫ్లెక్సీలు కాబట్టి ఇది లేకుండా నాకు రోజు గడవదు. పెళ్ళి కార్డులు, పుస్తకాల లోపలి పేజీలు చేసేవాళ్ళకి దీనితో పెద్దగా అవసరం పడదు.