కేమన్‌కు చేయించిన మార్పులు: దేనికి పెట్టిన డబ్బు దక్కింది

నాది 981 తరం పోర్షే కేమన్. సీట్ల వెనకే 2.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 275 హార్స్‌పవర్, టర్బో లేదు. చెన్నైలోనే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కొన్నేళ్లుగా వారాంతాల్లో హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద, ట్రాక్ డే (సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) దొరికినప్పుడల్లా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో నడుపుతున్నాను. ఇంజను జోలికి పోలేదు. నెల్లూరు వెళ్లే దారిలో షోలవరం దాటుతాం కదా, 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు మద్రాసు కార్ల రేసులు అక్కడి పాత విమానాల రన్‌వే మీదే జరిగేవి. అలాంటి చోట బలమైన ఇంజనుకు విలువ ఎక్కువ. ఇప్పటి ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇక్కడ సమయం కలిసొచ్చేదీ, కోల్పోయేదీ మలుపుల్లోనే.

అందుకే ఖర్చంతా టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ మీద పెట్టాను. అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది వీల్ అలైన్‌మెంట్.

మలుపులో హద్దు దాటి వేగంగా తిప్పితే కారు ముక్కు బయటికి జరిగేలా ఈ కారును ఫ్యాక్టరీలో కావాలనే అమర్చారు. రోడ్డు మీద అది మంచిదే. కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేసినా కారు మళ్లీ దారిలోకి వస్తుంది. ట్రాక్ మీద మాత్రం ముందు టైరును అరగదీస్తుంది. కేమన్ ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు కడ్డీగా ఉండే సస్పెన్షన్) ఉంటాయి. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితో పాటు బయటికి వంగి, బరువంతా టైరు అంచు మీద పడుతుంది. ఇరుంగాట్టుకోట్టైలో గడియారం ముల్లు తిరిగే దిశలో నడుపుతాం కాబట్టి కుడి మలుపులే ఎక్కువ, దెబ్బంతా ఎడమ ముందు టైరుకే. నా కారుకు ఆ టైరు బయటి అంచు నున్నగా అరిగిపోయి, లోపలి సగం కొత్తదానిలా ఉండేది.

దీనికి మందు నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగాన్ని లోపలికి వంచడం. మామూలు కేమన్‌లో ముందు చక్రాలను వంచడానికి చోటు తక్కువ. 911 జీటీ3లో వాడే తరహాలో చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లను రెండు ముక్కలవి బిగించి, మధ్యలో షిమ్ములు (పలుచని లోహపు బిళ్లలు) వేస్తే ఆర్మ్ పొడవు పెరిగి చక్రం కావలసినంత వంగుతుంది. ముందు 2.2 డిగ్రీలు, వెనక 1.9 పెట్టించాను. షిమ్ము వేయగానే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిపోతుంది, దాన్ని మళ్లీ సరిచేయించాలి. నేను ముందు సున్నా, వెనక కొద్దిగా టో-ఇన్ (లోపలికి తిరిగి ఉండటం) ఉంచాను. కొలతలు తీసేటప్పుడు డ్రైవరు సీట్లో నా బరువు ఉండాలని పట్టుబట్టాను. గూడూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ అలైన్‌మెంట్ మేస్త్రి, తెర మీద అంకెలన్నీ ఎర్రగా వస్తుంటే "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు సార్" అన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి పట్టినంత సేపు పని చేయడానికి పట్టలేదు.

ఆ తర్వాత మొదటి మలుపులోకి దిగినప్పుడే తేడా తెలిసింది. స్టీరింగ్ తిప్పి, ముక్కు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడనక్కర్లేదు. ఇప్పుడు ఎడమ ముందు టైరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దాదాపు సమంగా అరుగుతోంది. నష్టం లేకపోలేదు. హైవే మీద రోడ్డు గాడి పడ్డచోట స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది. తిన్నగా ఎక్కువ దూరం నడిపితే లోపలి అంచు అరుగుతుంది. ముందు వెనక టైర్ల సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకునే వీలూ లేదు.

టైర్లు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్. ఎండిన ట్రాక్ మీద అదే కంపెనీ ట్రాక్ రకం కప్ 2 టైర్లకు పట్టు ఎక్కువే, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ముంచే ఊళ్లో, నిలిచిన నీటిలో తేలిపోయే టైరు నాకు వద్దు. గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. టైరులో వేడి అయిదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ఉదయం ముందు టైర్లలో 28 పెట్టుకుంటే నాలుగు చుట్లకు 33 దాటుతుంది. దిగగానే కొలిచి ఎక్కువైనది వదిలేస్తాను. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవడానికి డిక్కీలో చిన్న కంప్రెసర్ ఉంచుకుంటాను.

బ్రేకుల్లో అన్నిటికన్నా చవకైన మార్పు ఫ్లూయిడ్. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం, చెన్నైలో తేమకు కొదవేముంది. బ్రేకు ఫ్లూయిడ్లకు ఉన్న డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. నేను వాడే మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఏటా మార్పిస్తున్నాను, పెడల్ ఒక్కసారీ మెత్తబడలేదు. ట్రాక్ ప్యాడ్లు పట్టు బాగానే పడతాయి గానీ, చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి. అణ్ణా సాలై సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటోవాళ్లు తిరిగి చూస్తారు. "ఏమండీ, కొన్నప్పుడు ఈ చప్పుడు లేదుగా" అని మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది.

మలుపులో ఒరుగును తగ్గించే వెనక యాంటీ రోల్ బార్‌ను బిగువుగా పెడితే ట్రాక్ మీద ముక్కు ఇంకా చురుగ్గా తిరిగింది. తడి ఘాట్ రోడ్డు మీద మాత్రం మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలగానే వెనక చక్రాలు జారబోయాయి. ఇంజను నడుమన ఉన్న కారుతో అలాంటి పరాచికాలు పనికిరావు. బిగువు మార్చుకోవడానికి ఆ బార్‌కు ఉన్న రంధ్రాల్లో, ఇప్పుడది మెత్తగా ఉంచే రంధ్రంలోనే బిగించి ఉంది.

స్ప్రింగులు కుదించి కారును కిందికి దించడం నేను చేయించలేదు. మా బావ తన కారుకు చేయించాడు, చూడ్డానికి బాగుంది. కానీ మెక్‌ఫర్సన్ స్ట్రట్లున్న కారును మరీ దించితే లోయర్ ఆర్మ్ కోణం చెడుతుంది. కారు బరువుకేంద్రం కన్నా రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువగా దిగిపోయి, కొత్త స్ప్రింగులు బిగువుగా లేకపోతే ఒరుగు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పైగా మా వీధి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆయన కారు పక్కవాటంగా ఎక్కించాల్సి వస్తోంది.

ఇన్సూరెన్సు సంగతి కూడా చూసుకోండి. మామూలు పాలసీలు రేసింగునూ, వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ బిల్లు మనదే. బిగించిన భాగాల వివరాలు కంపెనీకి ముందే రాసి ఇవ్వడం మంచిది.

డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) పాతబడ్డాయి, గతుకు దాటాక కారు ఇంకోసారి ఊగుతోంది. ఈ వానలు వెళ్లాక వాటిని మార్పిస్తాను, అదే ఎత్తులో, ఫ్యాక్టరీ కొలతలవే.