తొలి రోడ్ బైక్ కొనేవాళ్లు వెనక ఇరుసు సంగతి కూడా అడగండి

ఈ బండి మీద నాకున్న కోపమంతా వెనక చక్రం మధ్యలో దాక్కున్న అరడుగు ఇనప కడ్డీ మీదే. మిగతా బండి గురించి పెద్ద ఫిర్యాదుల్లేవు. కొని రెండేళ్లు దాటింది, దాదాపు రోజూ తొక్కుతున్నాను, ఇప్పటికీ పొద్దున్నే బయటికి తీస్తుంటే హుషారుగానే ఉంటుంది. కానీ ముప్పై వేల లోపు మొదటి రోడ్ బైక్ ఏది కొనాలని ఎవరైనా అడిగితే రంగు, బరువు, గేర్ల లెక్క అన్నీ పక్కనపెట్టి ముందు ఆ ఇరుసు గురించే చెబుతున్నాను. నేను కొన్నప్పుడు షాపులో గానీ, తెలిసినవాళ్లలో గానీ దాని మాట ఎత్తినవాళ్లు లేరు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చే బళ్లలో చాలావాటికి ఇదే రకం వెనక హబ్బు, అంటే ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగం, ఉంటుంది కాబట్టి పేరు మారినా సంగతి మారదు.

ముందు నా పరిస్థితి చెప్పాలి. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. ఆఫీసు మధురవాడ వైపు. వారమంతా హనుమంతవాక, ఎండాడ మీదుగా హైవే పట్టుకుని ఆఫీసుకి, ఆదివారం బీచ్ రోడ్డు మీద భీమిలికి. నా బరువు ఎనభై ఎనిమిది కిలోలు. వెనక క్యారియర్ బిగించి దాని మీద లాప్‌టాప్ బ్యాగు, టిఫిన్ బాక్సు, మార్చుకునే బట్టలు పెడతాను. ఈ బరువు సంగతి గుర్తుపెట్టుకోండి.

బండిలో నాకు బాగా నచ్చింది టైర్లకున్న చోటు. కొన్నప్పుడు 28 మిల్లీమీటర్ల టైర్లు వచ్చాయి, అవి అరిగాక 32 వేయించాను. ఫ్రేముకి ఎక్కడా రాసుకోకుండా పట్టాయి. సర్వీసు రోడ్డు కంకర మీద చేతులు తిమ్మిరెక్కడం ఆ రోజుతో ఆగిపోయింది. వేగం తగ్గిందా అంటే నాకైతే తేడా తెలియలేదు. రోడ్ బైక్ అంటే సన్నటి టైరే అనుకుని మన రోడ్లకు భయపడేవాళ్లు ఎంత లావు టైరు పడుతుందో షాపులో అడిగితే చాలు, సగం భయం పోతుంది.

రెండోది వాల్వు. ఖరీదైన రోడ్ బైకులకుండే సన్న వాల్వు కాకుండా మోటార్ సైకిళ్లకుండే లావు వాల్వే దీనికీ ఉంది. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు, పంక్చరు షాపతని పంపూ పనికొస్తుంది. కాకపోతే ట్యూబు చిన్నది కాబట్టి బంకు గాలికి క్షణంలో నిండిపోతుంది, మీటరు మీద కన్నేసి ఉంచాలి. చివరికి నేనూ గేజి ఉన్న పంపు ఒకటి కొని ఇంట్లో పెట్టుకున్నాను. దారిలో ఇరుక్కుపోమన్న ధైర్యం మటుకు ఆ వాల్వుదే.

మూడోది క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేము మీద ఇచ్చిన మరలు. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ దీని గురించే గొప్పగా చెప్పేవాణ్ని. రేసు బండిలా కనిపిస్తుంది, ఆఫీసు సామానూ మోస్తుంది, ఈ డబ్బుకి ఇంకేం కావాలి అని. ఇప్పుడూ ఆ మాట అంటాను గానీ, ఎంత బరువు పెడతారని కూడా అడుగుతున్నాను. ఎందుకో భీమిలి సంగతి చెబితే అర్థమవుతుంది.

ఏడాది దాటాక గేర్లు కుదురుగా ఉండడం మానేశాయి. చిన్న పళ్లచక్రం మీద సరిగ్గా ఉంటే పెద్దదాని మీద కరకరమనేది, అది సరిచేస్తే ఇది చెడేది. ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే వెనక బ్రేకు రబ్బరుకి రిమ్ము తగులుతున్న చప్పుడు. కొన్న షాపుకే తీసుకెళ్లాను. గేరు కేబుల్ సాగింది, మామూలేనన్నారు. కేబుల్ బిగించి, రిమ్ము బెండు తీసి ఇచ్చారు. వారం బాగుంది. మళ్లీ అదే. మళ్లీ తీసుకెళ్తే మళ్లీ కేబులే బిగించారు. చక్రం విప్పి లోపల చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత ఒక ఆదివారం రుషికొండ, తొట్లకొండ దాటి మంగమారిపేట దగ్గర స్పీడ్ బ్రేకర్ మీంచి దిగానో లేదో వెనక నుంచి టక్కుమంది. చక్రం పుల్ల (స్పోకు) విరిగిందేమో అనుకుని దిగి చూస్తే పుల్లలన్నీ బాగానే ఉన్నాయి. చక్రం ఊడలేదు, గాలి దిగలేదు, చైను పడలేదు. కానీ పెడల్ మీద కాలు వేసి నొక్కితే చక్రం ఒక పక్కకి ఒరిగి టైరు ఎడమవైపు ఫ్రేముకి రాసుకుంటోంది. చేత్తో పట్టుకుని ఊపితే రిమ్ము అటూ ఇటూ వేలెడంత ఆడుతోంది. అక్కణ్నుంచి ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి దాకా కాస్త నడుస్తూ, పల్లం వచ్చినప్పుడు మెల్లగా ఎక్కుతూ వెళ్లాను. రోడ్డు మధ్యలో చక్రం ఊడి ఏ లారీ కిందో పడతానన్న టెన్షన్ అంతసేపూ ఉంది.

భీమిలిలో ఒక సందులో సైకిల్ షాపు కనిపించింది. బయట పాత టైర్లు వేలాడుతున్నాయి, లోపల అరవై దాటిన పెద్దాయన. నా బండి చూసి ముందు కాస్త వెనక్కి తగ్గాడు, ఇలాంటివి చేయనేమో అన్నట్టు. చక్రం చేత్తో ఒకసారి ఊపగానే మొహం మారింది.

"ఇరుసు ఇరిగిపోనాది బాబూ. ఈ సన్న పుల్ల వొట్టుకునుంది కాబట్టి చక్రం ఊడిపోనేదు."

సన్న పుల్ల అంటే మీట తిప్పితే చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ కడ్డీ. బోలు ఇరుసు లోపలి నుంచి అది దూరి ఉంటుంది. ఇరుసు రెండు ముక్కలైనా చక్రాన్ని ఫ్రేములో బిగించి పట్టుకున్నది అదే.

"ఇప్పుడే విరిగిందా బాబాయ్, స్పీడ్ బ్రేకర్ మీద?"

ఆయన జవాబు చెప్పకుండా పని మొదలుపెట్టాడు. వెనక పళ్లచక్రాల గుత్తిని, అంటే ఫ్రీవీల్‌ని, విప్పడం అన్నిటికంటే కష్టమైంది. తొక్కుతున్నకొద్దీ అది తనంతట తానే బిగుసుకుంటుంది కదా. పళ్లున్న పానా దూర్చి, దాని పిడికి ఇనప పైపు తొడిగి, చక్రాన్ని నేను కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటే ఆయన పైపు మీద బరువంతా వేశాడు. మూడో ఊపుకి కదిలింది. ముక్కలు బయటికి లాగి గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. విరిగిన చోట సగం పైగా గోధుమరంగు తుప్పు పట్టి ఉంది, మిగతా కాస్త తళతళలాడుతోంది. మెరుస్తున్నది ఆ పూట విరిగిన భాగం. తుప్పు పట్టింది ఎప్పుడో చీలి, ఆ చీలికలోకి తడి, ఉప్పుగాలి చేరిన భాగం. అంటే షాపులో కేబుల్ బిగించి పంపిన రోజులకే ఆ ఇరుసు చీలి ఉండొచ్చు. నాకు కోపం వచ్చింది అప్పుడే, అది ఇంకా పోలేదు. విరగడం కన్నా, రెండుసార్లు చేతికి దొరికినా పట్టించుకోకపోవడం మీద.

బోలు ఇరుసు ఆయన దగ్గర లేదు. నట్లతో బిగించే గట్టి ఇరుసు ఒకటి, దాని కోన్లతో, అంటే గోళీలను లోపల నొక్కిపెట్టే శంకువు బిళ్లలతో సహా వెతికి తీశాడు. ఒక్కో వైపు తొమ్మిదేసి పావంగుళం బేరింగు గోళీలు, అన్నీ కొత్తవి, గ్రీజులో అద్దుతూ వేలితో ఒక్కొక్కటే పేర్చాడు. ఫ్రేములో వెడల్పు సరిపోయేదాకా వాషర్లు మార్చి మార్చి పెట్టి చూశాడు. చివర్లో చక్రం తిప్పి వదిలి, అది ఆగేదాకా మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాడు. మొత్తానికి రెండు వందల యాభై అడిగాడు. బలవంతాన మూడు వందలు ఇచ్చాను.

ఇంటికొచ్చాక ఈ విషయం కాస్త లోతుగా చదివాను. ఈ బండిది పాత పద్ధతి హబ్బు. ఫ్రీవీల్ మొత్తం హబ్బు మీద మరలాగా తిరిగి బిగుసుకుంటుంది. దాంతో కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలి పక్కన ఉండిపోతుంది. అక్కణ్నుంచి ఫ్రేము దాకా ఇరుసుకి ఏ ఆసరా ఉండదు. ఒక్క గేరు సైకిల్‌కి ఆ దూరం తక్కువ కాబట్టి దశాబ్దాలు నడుస్తుంది. ఏడు గేర్లు పేర్చేసరికి దూరం పెరుగుతుంది. గోడలోంచి పొడుచుకొచ్చిన మేకుకి మొదట్లో బరువు తగిలించడం వేరు, కొసన తగిలించడం వేరు. గుంటలో పడ్డ ప్రతిసారీ ఇరుసు కొద్దిగా వంగి లేస్తుంది, చివరికి కుడివైపు కోను దగ్గర చీలుతుంది. నాది సరిగ్గా అక్కడే విరిగింది.

ఇంకో రకం క్యాసెట్ హబ్బు. అది 1970ల చివర్లో జపాన్ సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో ద్వారా బాగా వాడుకలోకి వచ్చింది. అందులో తొక్కడం ఆపినప్పుడు కిర్రుకిర్రుమనే యంత్రాంగం హబ్బులోనే భాగం, పళ్లచక్రాల గుత్తిని (క్యాసెట్) దాని మీద విడిగా తొడుగుతారు, కుడి బేరింగు ఆ యంత్రాంగం బయటి కొసన, ఫ్రేముకి దగ్గరగా ఉంటుంది. ఇరుసు వంగడానికి పెద్దగా చోటుండదు. అంత కాలంగా ఉన్న పద్ధతిని ఇప్పటికీ చవక బళ్లకు వేయకపోవడం కొన్ని వందల రూపాయల ఆదా కోసమేనని నా అభిప్రాయం.

మీరు కొనబోయే బండికి ఏ రకం ఉందో షాపులోనే తెలుసుకోవచ్చు. వెనక చక్రాన్ని ఫ్రేములోంచి తీయించండి. పళ్లచక్రాలను చేత్తో వెనక్కి తిప్పండి. ఇరుసు చుట్టూ పానా దూర్చడానికి గాట్లున్న రింగు కనిపిస్తుంది. అది పళ్లచక్రాలతో పాటు తిరిగితే క్యాసెట్. పళ్లచక్రాలు తిరుగుతున్నా అది కదలకపోతే ఫ్రీవీల్. నిమిషం పని. చక్రం తీయడానికి షాపువాళ్లు ఇష్టపడకపోతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

భీమిలి ఇరుసు నెలల తరబడి బాగానే నడిచింది. 15 నంబరు పానా ఒకటి బ్యాగులో పడేసుకున్నాను, అంతే తేడా. తర్వాత మళ్లీ చక్రం కొంచెం ఆడడం మొదలైంది. కొన్న షాపు వాళ్లు ఇరుసు వారంటీ కిందికి రాదన్నారు, అరుగుదల లెక్కలోకి వస్తుందట. ఇక లాభం లేదని క్యాసెట్ హబ్బు ఉన్న కొత్త వెనక చక్రం కట్టించాను. పాత ఏడు గేర్ల మీట మార్చక్కర్లేదు. 8, 9, 10 గేర్ల హబ్బు మీద ఏడు గేర్ల క్యాసెట్ వేసి, వెనక నాలుగున్నర మిల్లీమీటర్ల రింగు పెడితే సరిపోతుంది. చక్రం, క్యాసెట్ కలిపి ఐదు వేల దాకా అయింది. అప్పట్నుంచి గేర్లు ఎక్కడ పెడితే అక్కడే ఉంటున్నాయి, ఎండాడ ఎక్కేటప్పుడు బ్రేకు రబ్బరు చప్పుడు లేదు. ఇప్పుడు నా బండి నిజంగా మంచి బండి. కాకపోతే దాని అసలు ధర బిల్లులో ఉన్నదానికన్నా ఐదు వేలు ఎక్కువ.

ఆ లెక్కన చూస్తే, ఆ ఐదు వేలు ముందే కలిపి క్లారిస్ గేర్లున్న బండికి వెళ్లడం నాలాంటి బరువున్నవాళ్లకు మేలు. షిమానో రోడ్ గేర్లలో అన్నిటికన్నా కింద టూర్నీ, దాని పైన ఎనిమిది గేర్ల క్లారిస్, ఆ పైన సోరా, టియాగ్రా, 105. క్లారిస్ అంటే వెనక ఎనిమిది గేర్ల క్యాసెట్టే ఉంటుంది. కొత్తది అందకపోతే ఒకరు కొద్దిగా తొక్కి మానేసిన పాత క్లారిస్ బండి కూడా నా దృష్టిలో కొత్త ఫ్రీవీల్ బండి కన్నా నయం, ఫ్రేము మీ ఎత్తుకి సరిపోతేనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఆ మిగిలింది ఇటు మళ్లించుకోవచ్చు. హెల్మెట్ డబ్బులు మాత్రం ముట్టుకోవద్దు.

అయినా ఫ్రీవీల్ బండి అసలు కొనొద్దని అనలేను. మా బావమరిది నన్ను చూసి ఇదే మోడల్ కొన్నాడు. అతను యాభై ఎనిమిది కిలోలుంటాడు, క్యారియర్ లేదు, పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా వెళ్లి వచ్చేస్తాడు. నా ఇరుసు విరిగాక భయపడి అతని చక్రమూ విప్పించాం. ఇరుసు గాజు పలక మీద పెట్టి దొర్లిస్తే ఎక్కడా ఎగరకుండా దొర్లింది, చీలిక లేదు, గోళీలు కూడా బాగున్నాయి. గ్రీజు మార్చి అదే ఇరుసు మళ్లీ వేయించాం. ఏటా వానాకాలం అయ్యాక ఒకసారి విప్పించుకోమని చెప్పాను, విప్పించుకుంటున్నాడు.