అల్ట్రాసోనిక్ అని చెప్పి వైబ్రేటర్ డబ్బాలు అమ్ముతున్నారు, కొనేముందు, వాడేముందు జాగ్రత్త

ఆన్‌లైన్‌లో వెయ్యి లోపు ధరకు "అల్ట్రాసోనిక్ జ్యువెలరీ క్లీనర్" కనబడితే వెంటనే ఆర్డర్ పెట్టకండి. యూఎస్‌బీ వైరుతోనో పెన్సిల్ సెల్స్‌తోనో నడిచే ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో చాలావాటి లోపల ఉండేది సెల్‌ఫోన్ వైబ్రేట్ అవడానికి పెట్టేలాంటి చిన్న మోటారే. ఇరుసుకు ఒక పక్క బరువు తగిలించి తిప్పుతారు. నీళ్లు వణుకుతాయి, నీలం లైటు వెలుగుతుంది, గొలుసు సందుల్లో మురికి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. డబ్బా మీద 45,000 హెర్ట్జ్ అని అచ్చేసినంత మాత్రాన అల్ట్రాసోనిక్ అలలు (చెవికి అందనంత వేగంగా కంపించే శబ్దం) పుట్టవు కదా.

అసలు మెషీన్‌లో స్టీలు తొట్టి అడుగున పీజో ట్రాన్స్‌డ్యూసర్ (కరెంటును కంపనంగా మార్చే భాగం) అంటించి ఉంటుంది. అది సెకనుకు సుమారు 40 వేల సార్లు కంపిస్తుంది. దాంతో నీళ్లలో కంటికి ఆనని బుడగలు పుట్టి వెంటనే పగిలిపోతాయి. బ్రష్ దూరని సందుల్లో మురికిని ఊడబెరికేది ఆ పగలడమే. యూఎస్‌బీ లెక్క చూడండి: 5 వోల్టులు, 1 ఆంపియర్ అంటే 5 వాట్లు. ఇంటి వాడకానికి వచ్చే సుమారు 600 మిల్లీలీటర్ల చిన్న మెషీన్ కూడా 35 వాట్లు తీసుకుంటుంది, గోడ ప్లగ్గు కావాల్సిందే.

చెవితోనే కొంత తేడా తెలుస్తుంది. మోటారు డబ్బా టేబుల్ మీద పెట్టిన ఫోన్‌లా గుర్రుమంటుంది. అసలుది సుయ్‌మని సన్నగా చెవిలో గుచ్చుతుంది. అయినా రుజువు కావాలంటే వంటింట్లో చపాతీలు చుట్టే ఫాయిల్ చాలు. గీత దాకా నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, ఫాయిల్ ముక్కను నిలువుగా, అడుగుకు తగలకుండా పట్టుకుని (వేళ్లు నీళ్లకు పైనే ఉండాలి) రెండు నిమిషాలు నడపండి. అసలుదైతే ఫాయిల్ మీద సన్నటి గుంటలు, చిల్లులు పడతాయి. మోటారుదైతే కాస్త ముడతలు పడితే పడొచ్చు, అంతే. తర్వాత ఆ నీళ్లు పారబోసి తొట్టి కడగండి. ఫాయిల్ రవ్వలు అడుగున మిగిలితే స్టీలును గీరేస్తాయి.

డబ్బా తెరవడం దగ్గర్నుంచి ఈ పరీక్ష దాకా వీడియో తీసి, రిటర్న్ గడువులోపే వాపసు పెట్టండి. ప్యాకింగ్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ లేకపోతే అది కూడా ఫొటో తీసుకోండి. అమ్మినవాళ్లు తప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పెద్ద మెషీన్లలో మోసం వేరు. 3 లీటర్లదానికి సాధారణంగా రెండు ట్రాన్స్‌డ్యూసర్లు, 120 వాట్లు ఉంటాయి. అమ్మేవాళ్లు హీటర్ వాట్లు కూడా కలిపేసి "220 వాట్లు" అని రాస్తారు. "అల్ట్రాసోనిక్ పవర్ ఎంత, హీటర్ పవర్ ఎంత" అని విడివిడిగా అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

ఇక నిజమైన మెషీనే దొరికిందనుకుందాం. అప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది.

బండి కార్బురేటర్ కడగాలని తొట్టిలో పెట్రోల్, థిన్నర్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), శానిటైజర్ పోసేవాళ్లు ఉన్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కిందికి జారుతుంది. తొట్టి కిందే సర్క్యూట్ బోర్డు, హీటర్ స్విచ్, గాలి రంధ్రాలు ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి తోడు ఆ కంపనం ద్రవాన్ని పొగమంచులా పైకి లేపుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ పూర్తిగా వంచేసి, రబ్బరు సీళ్లు, ఫ్లోట్ తీసేసి, వేడినీళ్లలో గిన్నెల సబ్బుతోనే కడగండి. కాస్టిక్ సోడా వేస్తే అది అల్యూమినియాన్ని నల్లబరిచి తినేస్తుంది. బయటికి తీశాక జెట్‌లలో (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాల్లో) గాలి కొట్టి ఆరబెట్టండి.

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ కూడా తొట్టిలో వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలైనా వాటిలోని క్లోరైడ్‌కు గుంటలు పడి ఏదో ఒక రోజు కారుతుంది. నీళ్లు లేకుండా ఆన్ చేయకండి. కంపనాన్ని పీల్చుకునే నీళ్లు లేక ట్రాన్స్‌డ్యూసర్ వేడెక్కి పోతుంది. వస్తువును అడుగున నేరుగా పెట్టకండి, మెషీన్‌తో వచ్చే బుట్టలోనే ఉంచాలి. లేదంటే వస్తువు అడుగును అరగదీస్తుంది, తొట్టికి చిల్లు పడితే నీళ్లు నేరుగా కరెంటు మీదికే. నడుస్తుండగా చెయ్యి పెట్టి చూపించే వీడియోలు చూసి మీరూ పెట్టకండి.

నగల దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. ముత్యాలు, పగడాలు, పచ్చలు, ఒపల్, ఫిరోజా ఇందులో వేయకూడదు. ముత్యం పైపొర మెరుపు పోతుంది. పచ్చల్లో పగుళ్లు కనబడకుండా నూనె పట్టించడం వ్యాపారంలో మామూలే. ఆ నూనె కాస్తా బయటికొచ్చాక రాయి వెలవెలబోతుంది, లోపలి గీతలు బయటపడతాయి. గాజు నింపిన కెంపులదీ అదే గతి. నవరత్నాల ఉంగరంలో ముత్యం, పగడం, పచ్చ మూడూ ఉంటాయి కాబట్టి అది అసలే వద్దు. కుందన్, పోల్కీ నగల్లో రాయి వెనక లక్క, రేకు ఉంటాయి. వేడికి లక్క మెత్తబడుతుంది, తడి దూరితే రేకు నల్లబడుతుంది, తర్వాత ఎంత తుడిచినా ఆ మెరుపు రాదు. వన్ గ్రామ్ గోల్డ్ పూత ఎక్కడైనా లేచి ఉంటే అక్కడినుంచి ఊడుతుంది.

రాళ్లు లేని బంగారం, వెండికి భయం లేదు. అర లీటరు గోరువెచ్చని నీళ్లు (40 నుంచి 50 డిగ్రీలు), రెండు మూడు చుక్కల సబ్బు, 3 నుంచి 5 నిమిషాలు. తాజా కుళాయి నీళ్లలో గాలి ఉంటుంది, అందుకే నగ వేయకముందు వట్టి నీళ్లనే ఓ ఐదు నిమిషాలు నడిపితే పని బాగా చేస్తుంది. బోరు నీళ్లయితే ఆరాక తెల్లమచ్చలు, ఆఖరి కడుగు ఆర్‌వో నీళ్లతో చేయండి. వెండి నల్లదనం పోలేదని మెషీన్‌ను తిట్టుకోకండి. అది మురికి కాదు, సల్ఫైడ్ పొర, కంపనానికి లొంగదు.

రాళ్లు పొదిగిన ఉంగరమైతే ముందు చెవి దగ్గర తట్టి చూడండి. గలగలమంటే రాయి వదులైనట్టే, కంసాలికి చూపించాకే కడగాలి. చాలాసార్లు వదులు రాయిని పట్టి ఉంచేది ఏళ్లుగా పేరుకున్న మురికే! అందుకే కడిగిన నీళ్లను సింకులో పారబోసేముందు టీ వడకట్టుతో ఒకసారి వడకట్టండి.

కళ్లద్దాల కోటింగ్ మీద ఇప్పటికే గీతలుంటే అవి పెరుగుతాయి. వాచీ అయితే చైను విప్పి దాన్నొక్కదాన్నే వేయండి. మూత పెట్టి నడపండి. 40 కిలోహెర్ట్జ్ మనకు వినిపించకపోయినా దాంతో పాటు వచ్చే శబ్దం చెవిని నొప్పిస్తుంది, కుక్క ఉన్న ఇంట్లో అయితే అది గది వదిలి పారిపోతుంది.

నీళ్లు పోసేటప్పుడు, వంచేటప్పుడు ప్లగ్గు తీసే ఉండాలి. స్టీలు తొట్టి మెషీన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్ వాడండి. అంచు ముట్టుకుంటే వేలికి జిల్లుమన్నా, మెషీన్ కింద టేబుల్ తడిగా కనబడినా గోడ దగ్గర స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేయండి. ఆరబెట్టి మళ్లీ వేసి చూద్దామనుకోవద్దు.