బడిలో వెనకబడిన పిల్లవాడికి ఏ ప్రజ్ఞా పరీక్ష మేలు?

మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడిని తీసుకుని తల్లిదండ్రులు ప్రజ్ఞా పరీక్షలు పెట్టే మా దగ్గరికి వచ్చినప్పుడు, మొదట అడిగేది దాదాపు ఒకటే: "వీడి ఐక్యూ ఎంతో చెప్పండి." అంకె చెప్పడం కష్టం కాదు. కానీ ఒకే పిల్లవాడికి ఒకే వారంలో రెండు పరీక్షలు పెడితే రెండు వేర్వేరు అంకెలు రావచ్చు, ఆ రెండింటిలో ఏదీ తప్పు కాకపోవచ్చు. అందువల్ల మన దగ్గర ఎక్కువగా వాడే నాలుగు సాధనాల్లో ఏది ఏమి కొలుస్తుందో, ఏది ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవడం తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ అవసరం.

బినే-కామత్ పరీక్ష వీటిలో పాతది. బడి చదువులో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి 1905లో పారిస్‌లో బినే, సిమోన్ తయారుచేసిన పరీక్ష అమెరికాలో 1916లో స్టాన్‌ఫర్డ్ సవరణగా మారింది, దాన్ని వి.వి. కామత్ 1934లో మరాఠీ, కన్నడ పిల్లలకు అనుగుణంగా మలిచారు. ఇందులో ప్రజ్ఞాలబ్ధిని, అంటే ఐక్యూను, కట్టే పద్ధతి తేలిక: మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించి 100తో హెచ్చిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆరేళ్ల పిల్లలు చేసేంతే చేస్తే 75 వస్తుంది. లెక్క ఇంత సులువు కావడం వల్లే ఇది ఇప్పటికీ చాలా కేంద్రాల్లో వాడుకలో ఉంది. అయితే దీనికి నా దృష్టిలో రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, ఇది చాలావరకు శాబ్దిక పరీక్ష, అంటే మాటలతో అడిగి మాటలతో జవాబు రాబట్టేది. పరీక్షించే వ్యక్తి ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే, ఒకరి నోట తేలికైన ప్రశ్న మరొకరి నోట కఠినమవుతుంది. రెండోది, ప్రమాణాలు పాతవి కావడం. తరం మారేకొద్దీ పిల్లల సగటు ఫలితం పెరుగుతూ వచ్చిందని అనేక దేశాల్లో గమనించారు కనుక, పాత కొలబద్దతో కొలిస్తే నేటి పిల్లవాడికి ఉండవలసిన దానికంటే ఎక్కువ అంకె వస్తుంది. సహాయం అందవలసిన వాడు "బాగానే ఉన్నాడు" అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతాడు.

రేవెన్ పరీక్షలో ఈ మాటల చిక్కు లేదు. జాన్ రేవెన్ 1938లో పెద్దలకూ పిల్లలకూ కలిపి తయారుచేసిన పరీక్షకు తోడుగా, చిన్నపిల్లల కోసం 1947లో రంగుల పుస్తకం వచ్చింది. మూడు వరసల్లో పన్నెండేసి చొప్పున మొత్తం 36 అంశాలుంటాయి. పేజీ మీద ఒక అల్లిక ఉంటుంది, అందులో ఒక ముక్క కోసేసి ఉంటుంది, కింద ఆరు ముక్కలుంటాయి. ఏది అతుకుతుందో పిల్లవాడు వేలితో చూపిస్తే చాలు. ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లలకు, ఇటుక బట్టీల పనికి వలస వచ్చిన ఒడిశా కుటుంబాల పిల్లలకు, వినికిడి లోపం ఉన్నవారికి ఇంతకంటే న్యాయమైన మొదటి పరీక్ష లేదని నేను నమ్ముతాను. అయినా భాష అక్కర్లేదన్నంత మాత్రాన సంస్కృతి ప్రభావం లేదని కాదు. బొమ్మల పుస్తకాలు, ముక్కలు పేర్చే ఆటలు ఎన్నడూ చూడని పిల్లవాడికి ఆ పేజీయే కొత్త. పైగా ఇది ఆకారాల మధ్య సంబంధాన్ని పట్టుకునే శక్తిని మాత్రమే చూస్తుంది. జ్ఞాపకం గురించి, పదజాలం గురించి ఏమీ చెప్పదు.

ఇక మాలిన్ పరీక్ష. వెక్స్‌లర్ పిల్లల పరీక్షను ఆర్థర్ మాలిన్ నాగ్‌పూర్‌లో భారతీయ పిల్లల కోసం మార్చగా, అది 1969లో వెలువడింది. ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా వాడవచ్చు. శాబ్దిక భాగానికీ, చేతులతో చేసే నిష్పాదన భాగానికీ, వాటిలోని చిన్న చిన్న ఉపపరీక్షలకూ విడివిడిగా ఫలితాలు వస్తాయి. సమయం ఎక్కువ పడుతుంది, శాబ్దిక భాగంలో తెలుగు చిక్కు ఇక్కడా ఉంది. అయినా దీని విలువ ఏమిటో ఒక ఎనిమిదేళ్ల బాబు నాకు చూపించాడు. రంగుల ఘనాలను ఇచ్చి నమూనా ముందు పెడితే, ఒక్కసారి చూసి, రెండు చేతులతో తిప్పి, గడువుకు చాలా ముందే పేర్చేశాడు. అంకెలను వెనక నుంచి చెప్పమన్నప్పుడు మాత్రం మూడో అంకె దగ్గర ఆగి, ఒళ్లో వేళ్లు నలుపుకుంటూ, అమ్మ కూర్చున్న తలుపు వైపు చూశాడు. మొత్తం కలిపితే సగటు అంకె వచ్చింది. ఆ అంకె ఒక్కటే చూస్తే సమస్యే లేదు. ఉపపరీక్షలను విడిగా చూస్తే ఒకచోట కొండంత బలం, మరోచోట లోయంత లోటు కనిపించాయి. రేవెన్ ఒక్కటే పెట్టి ఉంటే కొండ మాత్రమే కనిపించేది.

నాలుగోది వైన్‌లాండ్ సామాజిక పరిపక్వతా మాపని. ఎడ్గర్ డాల్ 1935లో రూపొందించిన దీన్ని మన దేశానికి మార్చిన వారూ మాలినే. ఇందులో పిల్లవాడిని ప్రశ్నించరు, తల్లిని అడుగుతారు: సొంతంగా తింటాడా, బట్టలు వేసుకుంటాడా, దుకాణానికి వెళ్లి వస్తాడా అని 89 అంశాలు. రోజువారీ జీవితంలో అతను ఏమి చేసుకోగలడో చెప్పేది ఇదే కనుక, ప్రజ్ఞా పరీక్షలో తక్కువ వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఇది తప్పనిసరి. అయితే ఏడేళ్లు నిండినా నాయనమ్మ కలిపి ముద్దలు పెట్టే ఇంట్లో, "తనంతట తాను తింటాడా?" అన్న ప్రశ్నకు వచ్చే "లేదు" చేతకాక వచ్చిందా, అవకాశం లేక వచ్చిందా అన్నది అడిగి తేల్చుకోవాలి.

వీటిలో ఒక్కటే ఎంచుకోమంటే, ఎనిమిదేళ్ల తెలుగు పిల్లవాడికి నేను మాలిన్ పరీక్షనే ఎంచుకుంటాను. తెలుగు సరిగా రాని పిల్లవాడికి రేవెన్‌తో మొదలుపెడతాను. బౌద్ధిక వైకల్యం అనుమానం ఉంటే వైన్‌లాండ్ జోడించకుండా ఏ మాటా చెప్పను. బీఈడీ పుస్తకాల్లో అందరూ కంఠస్థం చేసే మరో ప్రజ్ఞా పరీక్ష, భాటియా పరీక్షమాల, పదకొండేళ్లు దాటినవారికి ఉద్దేశించింది. దాన్ని ఇక్కడికి తేకూడదు. ముఖ్యంగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని (చదవడం, రాయడం, లెక్కలు వంటి వాటిలో మాత్రమే వచ్చే ఇబ్బందిని) గుర్తించింది కానీ, దాన్ని ఏ ప్రజ్ఞా పరీక్షా ఒంటరిగా నిర్ధారించలేదు. పిల్లవాడు బడిలో చదివే భాషలోనే చదవడం, రాయడం, లెక్కలు విడిగా పరీక్షించాలి. ఆ బాబు లోయ ఎక్కడుందో చివరికి స్పష్టం చేసింది అతని తెలుగు వాచకమే: ఒత్తులున్న ప్రతి పదం దగ్గరా అతను ఆగిపోయాడు.

నివేదిక చేతికి వచ్చినప్పుడు ఏ పరీక్ష పెట్టారు, ఏ భాషలో పెట్టారు, ఉపపరీక్షల ఫలితాలు విడిగా ఉన్నాయా, ఆ రోజు పిల్లవాడు జ్వరంతోనో నిద్రలేకో ఉన్నాడా అన్న వివరాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మర్యాదగానే అడిగి, రాయించుకుని బయలుదేరండి.