17 శాతం రాష్ట్రంలో 24.99 శాతం కార్డు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

క్యాష్‌బ్యాక్, పాయింట్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటూ తొమ్మిదేళ్లుగా ఈ క్రెడిట్ కార్డు వాడుతున్నాను. నా బాధంతా దాని 24.99 శాతం వడ్డీ గురించే.

రెండేళ్ల క్రితం కారు ట్రాన్స్‌మిషన్ పోయింది. 3,400 డాలర్లు. చేతిలో అంత లేక కార్డు గీకి, నెలనెలా కొంత కడుతూ వచ్చాను. చివరికి 2,100 బాకీ అని బిల్లు వస్తే, గడువు రోజున మొత్తం కట్టేసి హమ్మయ్య అనుకున్నాను. మరుసటి నెల మళ్లీ 36 డాలర్ల వడ్డీ! బిల్లు తయారైన రోజు నుంచి నేను కట్టిన రోజు దాకా, ఆ 25 రోజులకట. బాకీ ఉన్నన్నాళ్లూ పాలు, కూరగాయలు కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడిందని కూడా అప్పుడే తెలిసింది.

మా రాష్ట్ర రాజ్యాంగంలోనే వడ్డీకి 17 శాతం హద్దు ఉంది కదా అని ఫోన్‌లో అడిగాను. "మా బ్యాంకు డెలవేర్ రాష్ట్రంలో ఉందండీ" అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చుని చదివాను. 1978లో మార్క్వెట్ కేసు. నెబ్రాస్కాలోని ఒమాహా బ్యాంకు 18 శాతం దాకా వడ్డీతో మినెసోటాలో కార్డులిచ్చింది. అక్కడి హద్దు 12. బ్యాంకు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి రేటే చెల్లుతుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఆధారం 1864 నాటి జాతీయ బ్యాంకుల చట్టం! ఇక హద్దు లేని రాష్ట్రాలకు గిరాకీ పెరిగింది. న్యూయార్క్ పరిమితులతో నష్టపోతున్న సిటీబ్యాంక్ 1981లో కార్డుల వ్యాపారాన్ని సౌత్ డకోటాకు తరలించింది. అదే ఏడాది డెలవేర్ కూడా ఇలాంటి బ్యాంకులకు తలుపులు తెరిచింది. 1996లో ఆలస్య రుసుము సైతం వడ్డీ కిందికే వస్తుందని, అంటే దానికీ బ్యాంకు ఉన్న రాష్ట్రం లెక్కే చెల్లుతుందని మరో తీర్పు. నేను ఓటేసే రాష్ట్రం పెట్టిన హద్దు నా బిల్లుకే వర్తించకపోవడం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఒకప్పుడు ఈ కార్డు తీసుకోమని నలుగురికి నేనే చెప్పాను. ప్రతి నెలా పూర్తిగా కట్టేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ నిజమే. ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి: క్రెడిట్ కార్డుల మీద దేశమంతటికీ వచ్చిన 2009 చట్టం వల్ల, 60 రోజులు ఆలస్యమైతే తప్ప, నా పాత బాకీ మీద రేటు పెంచే వీల్లేకపోయింది.

మాది ఒకే జీతం ఇల్లు. అందుకే అత్యవసరాలకు ఫెడరల్ క్రెడిట్ యూనియన్ (సభ్యులే యజమానులుగా, కేంద్ర చట్టం కింద నడిచే సహకార సంస్థ) కార్డు తీసుకున్నాను, అక్కడ వడ్డీ హద్దు 18 శాతం. ఇద్దరూ సంపాదిస్తుంటే మీ లెక్క వేరు కావచ్చు. పాత కార్డు మాత్రం మూసేయలేదు. వచ్చే ఏడు ఇంటి లోనుకు వెళ్లాలి, క్రెడిట్ స్కోరు తగ్గుతుందేమోనని భయం.